మూడేళ్ల సీసా

మేడ మెట్లు పన్నెండు. తొమ్మిదో మెట్టు చెక్క వదులై కిర్రుమంటుంది. ఉదయం ఏడింటికి సీసాలమ్మ టీ కప్పుతో దాని మీద కాలు పెట్టగానే, పైగదిలో గరగరమంటున్న చప్పుడు టక్కున ఆగిపోయింది.

రోజూ అంతే. ఆమె గదిలోకి వెళ్లేసరికి అత్తగారు మంచం మీద నిటారుగా కూర్చుని, ఒళ్లో పేపరు పరుచుకుని ఉంటుంది. పేపరు మడత పెట్టిన చప్పుడనుకునేది సీసాలమ్మ. అంతకు మించి ఆలోచించలేదు.

"పిలిస్తే నేనే కిందకి దిగేదాన్ని కదే," అంది అత్తగారు కప్పు అందుకుంటూ.

"దిగితే మళ్లీ ఎక్కాలిగా అత్తయ్యా."

"ఎక్కలేనని ఎవరన్నారు? మొన్న మందుల షాపుదాకా ఒక్కదాన్నే వెళ్లొచ్చాను."

"వెళ్లొచ్చి రెండు గంటలు పడుకున్నారు."

"పడుకోవడానికే వెళ్లొచ్చాను. ఊరికే పడుకుంటే నువ్వూరుకుంటావా?"

సీసాలమ్మ నవ్వి, మంచం పక్కన బల్ల మీదున్న చిన్న గాజుసీసా మూత తీసి అత్తగారి చేతిలో పెట్టింది. ఆమె రెండు మాత్రలు ఏరుకుని టీతో మింగింది. రెండూ తెల్లవే.

"రొట్టె తీసుకురానా?"

"తర్వాత తింటాలే. ఇవాళ బడిపిల్లలొస్తున్నారుగా. ఎన్నింటికి?"

"పదింటికి. నలభై మంది."

"నలభయ్యే! కిటికీలో సీసా తుడిచావా మరి?"

"తుడిచాను."

"మూత కూడా తుడువు. వేలిముద్రలు కనబడతాయి," అని అత్తగారు పేపరు పైకెత్తింది. ఇక వెళ్లమని దానర్థం.

కింద దుకాణం. దానికి బోర్డు లేదు. అద్దం మీద తెల్ల రంగుతో 'మీ గిన్నె మీరే తెచ్చుకోండి' అని రాసి ఉంటుంది. వచ్చినవాళ్లు ముందు ఖాళీ డబ్బానో సీసానో తూకం కాటా మీద పెట్టాలి. సీసాలమ్మ ఆ బరువును గాజు మీద రాసే పెన్సిలుతో అడుగున రాస్తుంది. తర్వాత పిండో, గింజలో, నూనెనో, గిన్నెలు తోమే ద్రవమో నింపి మళ్లీ తూస్తుంది. అడుగునున్న అంకె తీసేస్తే మిగిలిందే సరుకు. కవరివ్వదు. కాగితం పొట్లం కూడా కట్టదు. డబ్బా మరిచిపోయి వస్తే ఇంటికెళ్లి తెచ్చుకోవలసిందే. వీధిలో అందరూ ఆమెను సీసాలమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్లు, తర్వాత ఎదురుగానే పిలవడం మొదలుపెట్టారు.

ఆ తూకం ఆమె భర్తది. ఊళ్లో దుకాణాల తూకాలు సరిచేయడం ఆయన పని. నాలుగేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం ఎవరిదో దుకాణంలో తూకం విప్పుతూ విప్పుతూ పక్కకి ఒరిగిపోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో మనుషులు ఇద్దరు. అత్తా, కోడలూ.

వీధివైపు కిటికీలో రెండు లీటర్ల సీసా ఒకటుంది. దాని మెడకు కట్టిన అట్ట మీద ఇలా రాసి ఉంటుంది: 'ఇద్దరు మనుషులు. ఒక ఇల్లు. మూడేళ్లు. చెత్తబుట్టలోకి పోవలసింది ఇదొక్కటే.' తొక్కలూ మెతుకులూ పెరట్లో ఎరువవుతాయి. కాగితం, గాజు, రేకు కొనేవాళ్లు పట్టుకెళ్తారు. ఎవరికీ పనికిరానిది మాత్రమే ఆ సీసాలోకి వస్తుంది. మూడేళ్లకు అందులో చేరినవి ఒక పెన్ను మూత, టూత్‌బ్రష్ కుచ్చులు, తెగిన చెప్పు పట్టీ, గుండీలు కుట్టి వచ్చిన ప్లాస్టిక్ ముక్క, ఆడపడుచు ఎప్పుడో తెచ్చిన బహుమతి మీది రిబ్బను, ఇంకా కొన్ని చిన్నాచితకా. సీసా సగం కూడా నిండలేదు.

ఆ సీసా ఫొటో పేపర్లో వచ్చింది. పురపాలక ఆఫీసు వాళ్లు రెండుసార్లు పిలిచి మాట్లాడమన్నారు. ఆ వీధిలో తడి చెత్త, పొడి చెత్త విడివిడిగా పెట్టడం మొదలైంది ఆమె వల్లే. సంచి పట్టుకుని బజారుకెళ్లడం మొదలైందీ ఆమె వల్లే. ఇవన్నీ నిజాలు.

ఇంకొక నిజం కూడా ఉంది. చేతిలో కవరున్న మనిషి ఆ దుకాణం ముందునుంచి నడవడు. మలుపులోనే రోడ్డు దాటి అవతలి పక్కకి పోతాడు. పక్క షాపు టైలరమ్మ, సీసాలమ్మ ఒకప్పుడు మధ్యాహ్నం ఒకే బల్ల మీద కూర్చుని తినేవాళ్లు. ఇప్పుడు సీసాలమ్మ గుమ్మంలో కనబడగానే టైలరమ్మ బల్ల మీదున్న దేని మీదో ఒక గుడ్డ కప్పుతుంది. మాట మాత్రం బాగానే మాట్లాడుతుంది. ఆ గుడ్డ వైపు చూడకుండా మాట్లాడటం సీసాలమ్మకు అలవాటైపోయింది. నేనెవరినీ ఒక్క మాటా అనలేదే అనుకునేది. నిజంగానే ఎవరినీ ఏమీ అనలేదు. మధ్యాహ్నాలు ఒక్కతే కౌంటరు వెనక కూర్చుని తిని, గిన్నె కడుక్కుని, తూకం తుడిచేది.

పదింటికి పిల్లలొచ్చారు. టీచరు వాళ్లను మూడు వరసల్లో కూర్చోబెట్టింది. సీసాలమ్మ సీసాను కిటికీలోంచి తీసి కౌంటరు మీద పెట్టి, ఒక్కో వస్తువూ ఎక్కడిదో చెప్పింది. పిల్లలు చెప్పు పట్టీ దగ్గర నవ్వారు. చివరి వరసలోంచి ఒక పిల్ల చెయ్యెత్తింది.

"ఆంటీ, మీ ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగోకుండా ఉండదా?"

"ఎందుకుండదమ్మా?"

"మరి మాత్రల అట్టలు లేవేం? మా తాతయ్యవి నెలకే ఇన్నవుతాయి," అని రెండు చేతులూ దోసిలి పట్టి చూపించింది.

సీసాలమ్మ దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. "మా అత్తయ్యకి మందుల షాపాయన విడిగా ఇస్తాడు. మా సీసాలోనే లెక్కపెట్టి పోస్తాడు."

ఆ మాట ఆమెకు చెప్పింది అత్తగారు. మూడేళ్ల క్రితం చెప్పింది. ఎందుకు విడిగా ఇస్తాడని ఆమె ఎవర్నీ అడగలేదు.

"విన్నారా? అడిగితే ఇస్తారన్నమాట. రాసుకోండి," అంది టీచరు. నలభై తలలు నోటు పుస్తకాల మీదకి వంగాయి.

అప్పుడే పైన ఏదో పడింది. ముందు బల్ల, తర్వాత మనిషి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అత్తగారి చేతికి గ్లూకోజ్ ఎక్కించమని చెప్పి, సీసాలమ్మ వైపు తిరిగింది. "షుగరు బాగా పడిపోయింది. ఏం మందులు వాడుతున్నారు?"

"షుగరుకీ బీపీకీ. రోజూ ఉదయం ఒక్కోటి." సీసాలమ్మ గాజుసీసా తీసిచ్చింది.

డాక్టరమ్మ మాత్రలను కాగితం మీద పోసింది. ముప్పై దాకా ఉన్నాయి. అన్నీ తెల్లవి, గుండ్రటివి, ఒకే సైజువి. "ఇందులో షుగరుది ఏది?"

సీసాలమ్మ కాగితం మీదకి వంగి చూసింది. "ఒకటి గులాబీ రంగులో ఉండేది."

"ఇక్కడ గులాబీది ఒక్కటీ లేదు. పేరేంటి?"

"తెలీదండీ."

డాక్టరమ్మ సీసా తిరగేసి అడుగు చూసింది. "నూట పద్దెనిమిది అని ఉంది. ఏంటిది, డోసా?"

"ఖాళీ సీసా బరువు."

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. "అట్టలు తీసుకురండి."

"లేవండీ. మేం విడిగానే తీసుకుంటాం. చెత్త అవకూడదని."

"అమ్మా, మందు పేరు, ఎంత మందుంది, ఎప్పటిదాకా పనిచేస్తుంది, అన్నీ ఉండేది ఆ అట్ట మీదే," అంది డాక్టరమ్మ. గొంతు పెంచలేదు. "ఈవిడ బీపీ మాత్రకు బదులు షుగరు మాత్రలు రెండేసి మింగుతున్నట్టున్నారు. ఎన్ని రోజులనుంచో మరి. ఇన్నాళ్లు పడిపోకుండా ఎలా ఉన్నారో నాకర్థం కావట్లేదు. వేసుకోగానే ఏమైనా తింటారా?"

"టీ. తర్వాత రొట్టె."

"ఇవాళ?"

"తర్వాత తింటానన్నారు."

పేర్లు కనుక్కురావడానికి ఆమె మందుల షాపుకి వెళ్లింది. మందుల షాపాయన కళ్లజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు.

"విడిగానా? నేనెందుకిస్తానమ్మా విడిగా! అలా ఇస్తే నా షాపు మూసేస్తారు. అట్టలే ఇస్తాను. మీ అత్తగారు ఇదిగో ఈ స్టూలు మీద కూర్చుని, ఒక్కోటీ బొటనవేలితో నొక్కి, సీసాలో వేసుకుంటారు. గంట పడుతుంది పాపం. వేళ్లు నొప్పెడతాయి, నేను నొక్కిస్తానన్నా ఒప్పుకోరు."

"రంగు మారిందా?"

"ఈ నెల బీపీ మాత్ర వేరే కంపెనీది వచ్చింది. తెల్లది. చెప్పాను కూడా. అట్ట మీద చూసుకుని వేసుకోండమ్మా అని చెప్పాను." ఆయన కళ్లజోడు కిందకి దించుకున్నాడు. "చూసుకోవడానికి అట్ట ఉండదని నాకు తట్టలేదు. ఆవిడ మాత్రం, 'రెండూ రోజూ వేసుకునేవేగా బాబూ, ఎందులో ఉంటే ఏంలే' అన్నారు."

"ఖాళీ అట్టలు ఏం చేస్తుంది? మీ బుట్టలో వేస్తుందా?"

"వేయరు. మీరు ఈ దారినే వెళ్తారు, చూస్తారని భయం. మీ పక్క షాపు టైలరమ్మకిస్తారు."

భయం. ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. వాన వస్తుందని అన్నట్టు అన్నాడు. సీసాలమ్మ మందుల పేర్లు కాగితం మీద రాయించుకుని ఆస్పత్రికి తిరిగొచ్చింది.

మూడో రోజు అత్తగారిని ఇంటికి తీసుకొచ్చారు. మణికట్టుకి కట్టు, కనుబొమ్మ మీద రెండు కుట్లు. అప్పటికి చిట్టి వచ్చింది. చిట్టి సీసాలమ్మ ఆడపడుచు. యాభై దాటినా ఇంట్లో ఇంకా చిట్టే. బస్సులో ఆరు గంటలు ప్రయాణం చేసొచ్చి, కూర్చోకుండా దుప్పటి మార్చడానికి పరుపెత్తింది.

"వదినా, ఒకసారిలా రా."

పరుపు కింద బిస్కెట్ కవర్లున్నాయి. ఉప్పు బిస్కెట్లవి. ఒక్కోటీ చదును చేసి, చేతిరుమాలులా నాలుగు మడతలు పెట్టి ఉంది. చిట్టి లెక్కపెట్టింది. పద్నాలుగు. వాటి పక్కన విప్పని పొట్లం ఒకటి.

"ఏంటివి?"

"బిస్కెట్ కవర్లు."

"అది నాకూ కనబడుతోంది. పరుపు కింద ఎందుకున్నాయి అంటున్నా."

సీసాలమ్మకు తొమ్మిదో మెట్టు గుర్తొచ్చింది. గరగరమనే చప్పుడు గుర్తొచ్చింది. పేపరు అలా చప్పుడు చేయదని ఇప్పుడు తెలిసింది.

"నేను వద్దన్నానా చిట్టీ? ఒక్కసారైనా వద్దన్నానా? ఆవిడనే అడుగు."

"నువ్వనవు. నువ్వు ఎవర్నీ ఏమీ అనవొదినా. చూస్తావు. పోయినసారి బస్సులో దాహమేసి నీళ్ల బాటిల్ కొనుక్కొచ్చాను. నువ్వు ఒక్క మాటనలేదు. దాన్ని కడిగి, ఆరబెట్టి, వెళ్లేటప్పుడు నా సంచిలో పెట్టావు. మా ఇంటికెళ్లేదాకా ఆ బాటిల్ నా ఒళ్లో శవంలా కూర్చుంది!"

"పారేయలేక పెట్టాను."

"తెలుసు. నువ్వు ఏదీ పారేయవు. మనుషుల్నైతే…" చిట్టి ఆ మాట మింగేసింది. "డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. తన ఇంట్లో తను బిస్కెట్ దొంగతనంగా తింటోంది. అన్నయ్యుంటే ఇలా జరిగేదా?"

"ఆయన్ని ఇందులోకి లాగకు."

"ఎందుకు లాగకూడదు? అన్నయ్య పోయాక నీకు భూమి తప్ప మనుషులెవరూ కనబడలేదు. భూమికి ఏది మంచో నీకు తెలుసు. ఎదురుగా ఉన్న మనిషి ఏం మింగుతోందో మాత్రం తెలీదు."

"నాలుగేళ్లుగా రోజూ చూసుకుంటున్నది నేను. నువ్వు ఏడాదికి రెండుసార్లొచ్చి…"

"అందుకే ఇక నేనే తీసుకెళ్తానంటున్నా. నా దగ్గరుంటుంది. కావలసినన్ని పొట్లాలు విప్పుకుని తింటుంది."

సీసాలమ్మ పరుపు అంచు దించింది. అత్తగారు వెళ్లిపోతే ఆ ఇంట్లో తన మాట వినే మనిషి ఉండదు. పొద్దున్నే టీ ఇవ్వడానికి మనిషీ ఉండదు.

"ఇద్దరూ ఆపండి," అంది అత్తగారు కుర్చీలోంచి. "నేనింకా పోలేదు, అప్పుడే పంపకాలేంటి?"

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"చిట్టీ, నీకు తెలియనిదొకటుంది. వాడు పోయాక ఇది ఎనిమిది నెలలు నవ్వలేదు. వండేది, నాకు పెట్టేది, కిందకెళ్లి వాడి తూకం తుడిచేది, పైకొచ్చేది. నేనేదో ఒకటి అడిగితే జవాబు చెప్పేది. అడక్కపోతే అదీ లేదు. ఒకరోజు ఖాళీ సీసా ఒకటి కిటికీలో పెట్టి, అటుపక్కకెళ్లి రోడ్డు మీదనుంచి చూసుకుంది. చూసి నవ్వింది. నేను పైనుంచి చూశాను." అత్తగారు కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి తీసుకుంది. "అప్పుడనుకున్నాను, ఈ సీసా నిండకుండా చూసుకోవాలని. అంతే. దీనికి భయపడి కాదు."

"అత్తయ్యా…"

"నన్ను చెప్పనీ. మాత్రలు వేసుకున్నాక నాకు నీరసమొచ్చేది, చెమట పట్టేది. ఈ నెల మరీను. రెండు బిస్కెట్లు తింటే తగ్గేది. ఆవేళ పొట్లం విప్పబోతుంటే నువ్వొచ్చావు, తర్వాత కింద నలభై మంది పిల్లలు. గరగరమంటే వింటారు, నీకు తలవంపులవుతుంది అనుకున్నా. వాళ్లు వెళ్లాక తిందామనుకున్నా."

ఇన్నాళ్లు ఎలా నిలబడిందని డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు పరుపు కింద నాలుగు మడతలు పెట్టి ఉంది. సీసాలమ్మ నేల మీద కూర్చుని అత్తగారి మోకాలి మీద తల పెట్టింది. ఏడుపు రాలేదు. అత్తగారు బాగున్న చేత్తో ఆమె జుట్టు సవరించింది.

"నెల్లాళ్లు దీంతో వెళ్లొస్తానే," అంది మెల్లగా. "కోపంతో కాదు. దానికీ తల్లి కావాలిగా. అరుస్తోంది గానీ భయపడిపోయింది."

వద్దనే హక్కు తనకుందో లేదో సీసాలమ్మకు తెలియలేదు. సంచి తనే సర్దింది. మాత్రలను అట్టలతోనే, ఆస్పత్రివాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరులోనే ఉంచి, పైన కనబడేలా పెట్టింది. విప్పని బిస్కెట్ పొట్లం దాని పక్కన పెట్టింది. చిట్టి చూసి, చూడనట్టు బస్సు టైము అడిగింది.

ఇంట్లో ఒక్కతే మిగిలింది. మొదటి ఉదయం అలవాటుకొద్దీ రెండు కప్పుల టీ పెట్టి, రెండోది కూడా తనే తాగింది. దుప్పట్లు ఎండలో వేయడానికి మేడెక్కింది. తొమ్మిదో మెట్టు కిర్రుమంది. పైన ఆగడానికి చప్పుడేదీ లేదు. ఆమె ఆ మెట్టు మీదే కొంతసేపు నిలబడి, కిందకి దిగి, దుకాణం తలుపు తీసింది. ఆ వారంలో సరుకుకి వచ్చినవాళ్లు తొమ్మిది మంది. అందరూ అత్తగారెలా ఉన్నారని అడిగారు. ఎవరూ కూర్చోలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆమె టైలరమ్మ షాపుకి వెళ్లింది. టైలరమ్మ చెయ్యి దానంతటదే గుడ్డ మీదకి వెళ్లింది.

"కప్పొద్దు. తినండి, చల్లారిపోతుంది," అంది సీసాలమ్మ.

టైలరమ్మ గుడ్డ తీసింది. హోటల్లో కట్టించుకొచ్చిన ప్లాస్టిక్ డబ్బా. మూతకి ఆవిరి పట్టి ఉంది. "మా ఇంట్లో గ్యాసు అయిపోయిందండీ, అందుకని…"

"నాకు సంజాయిషీ ఎందుకండీ," అంది సీసాలమ్మ. అని, ఇన్నాళ్లు తనకు సంజాయిషీ చెప్పుకున్నవాళ్ల ముఖాలన్నీ గుర్తొచ్చి, స్టూలు మీద కూర్చుంది. "మా అత్తయ్య మీకిచ్చిన అట్టలు ఉన్నాయా? పారేశారా?"

టైలరమ్మ మిషను కిందనుంచి ఒక గుడ్డసంచి లాగింది. నిండా మాత్రల అట్టలు. పదేసి ఒక కట్టగా, కుట్టుదారంతో కట్టి ఉన్నాయి. బిస్కెట్ పొట్లాల కవర్లు వేరే కట్టలు.

"పారేస్తానంటే వద్దన్నారు. 'పారేస్తే నా కోడలికి ద్రోహం, దాస్తే అబద్ధం. అబద్ధమే నయం' అన్నారు. వారానికోసారి వచ్చి ఇక్కడే కూర్చుని కట్టలు కట్టేవారు. మీరు ఎప్పుడైనా అడిగితే ఇచ్చేయమన్నారు."

"నేనడుగుతానని అనుకుందా?"

"వచ్చినప్పుడల్లా, 'అడిగిందా' అని అడిగేవారు."

సీసాలమ్మ సంచి ఒళ్లో పెట్టుకుంది. అప్పుడొచ్చింది ఏడుపు. టైలరమ్మ మిషను మీది గుడ్డే అందించి, డబ్బా మూత తీసి ఆమె ముందుకి జరిపింది. ఇద్దరూ దాంట్లోంచే తిన్నారు.

ఆ సాయంత్రం దుకాణంలో ఆమె కిటికీలోంచి సీసా తీసి మూత తిప్పింది. అట్టలు వేయడం మొదలుపెట్టింది. నాలుగో కట్టకే సీసా నిండిపోయింది. అలమరలోంచి ఇంకోటి తీసింది. ఆ తర్వాత ఇంకోటి. మొత్తం ఐదు సీసాలయ్యాయి. ఐదింటినీ కిటికీలో వరసగా పెట్టి, రాత ఉన్న పాత అట్టను మధ్య సీసా మెడకు కట్టింది. మాటలేవీ మార్చలేదు. ఇద్దరు మనుషులు. ఒక ఇల్లు. మూడేళ్లు. ఇప్పుడది నిజం. రోడ్డు అవతలికెళ్లి చూసింది. నవ్వు రాలేదు. కానీ కళ్లు తిప్పుకోలేదు.

మర్నాడు టీచరుకి ఫోన్ చేసి, పిల్లల్ని ఇంకొకసారి తీసుకురమ్మంది. అదే నలభై మంది, అవే మూడు వరసలు. చివరి వరస పిల్లను ముందుకి పిలిచింది.

"పోయినసారి నువ్వు మాత్రల సంగతి అడిగావు. నేను తెలుసుకోకుండా జవాబు చెప్పాను. మా అత్తయ్య మాత్రలు వేసుకుంటుంది. అట్టలు ఇవిగో. మీరు రాసుకున్నది కొట్టేయండి."

నలభై మందీ కొట్టేశారు.

"మాత్ర మింగేదాకా అట్టలోంచి తీయకూడదు. దాని మీద పేరుంటుంది. ఇది కూడా రాసుకోండి."

ఆ పిల్ల ఐదు సీసాలనూ చూసింది. "అయితే మీరు ఓడిపోయారా ఆంటీ?"

"కొంచెం," అంది సీసాలమ్మ.

"మా తాతయ్యవైతే ఇంకా ఎక్కువొస్తాయి," అంది ఆ పిల్ల, ఓదారుస్తున్నట్టు.

మందుల షాపు గుమ్మంలో ఆమె ఒక డబ్బా పెట్టించింది. 'ఖాళీ అయ్యాకే వేయండి' అని దాని మీద రాసింది. ఆ అట్టలను తీసుకునేవాళ్లు ఇంకా దొరకలేదు. ఇద్దరికి ఉత్తరాలు రాసింది, ఒక్కరినుంచీ జవాబు రాలేదు. ఈలోగా టైలరమ్మ పాలపొట్లం చేత్తో పట్టుకుని దుకాణంలోకొచ్చి, అలాగే నిలబడి పావుగంట మాట్లాడి వెళ్లింది. డబ్బా మరిచిపోయి వచ్చిన ఒకాయనకి సీసాలమ్మ తన సీసా ఒకటి ఇచ్చి, వీలైనప్పుడు తెచ్చివ్వమంది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, మూడుసార్లు వెనక్కి చూస్తూ వెళ్లాడు.

ముప్పై రెండో రోజు సాయంత్రం బస్సు దిగి చిట్టీ, అత్తగారూ నడిచొచ్చారు. చిట్టి చేతిలో నీళ్ల బాటిల్ ఉంది. గుమ్మంలోనే దాన్ని పైకెత్తి చూపించింది.

"చూడొదినా, దాచలేదు."

"ఇటివ్వు. దాహంగా ఉంది," అంది సీసాలమ్మ. తీసుకుని సగం తాగేసింది.

అత్తగారు కిటికీ ముందు ఆగింది. ఐదు సీసాలనూ ఒక్కోటీ చూసింది. తన దారం కట్టలను గుర్తుపట్టింది. కొంగు కొసతో మధ్య సీసా మూత మీది వేలిముద్ర తుడిచి, లోపలికి నడిచింది.

మర్నాడు ఉదయం ఏడింటికి సీసాలమ్మ టీ కప్పుతో మెట్లెక్కింది. తొమ్మిదో మెట్టు మీద కాలు పెట్టింది. అది కిర్రుమంది. పైగదిలో గరగరమంటోంది. ఆమె కాలు తీయకుండా అక్కడే నిలబడింది.

చప్పుడు ఆగలేదు.

"ఏమే, అక్కడే నిలబడిపోయావేం?" అని కేకేసింది అత్తగారు లోపల్నుంచి. "రెండే మిగిలాయి. తొందరగా రా."